ఫుల్‌బ్రైట్ గ్రాంట్‌పై అమెరికాలో పాఠాలు చెప్పబోతున్నారా? జే-1 వీసాకు మొదటి కాగితం నుంచి ఎయిర్‌పోర్టు దాకా

గ్రాంట్ వచ్చిందన్న మెయిల్ చూసిన రాత్రి మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి మా బావగారు ఫోన్ చేశారు. "అమీర్‌పేటలో నాకు తెలిసిన కన్సల్టెన్సీ ఉంది, వీసా పని వాళ్లకి అప్పజెప్పేద్దాం" అన్నారు. ఆయన ప్రేమ కొద్దీ అన్న మాటే గానీ, బోధన, పరిశోధన లాంటి మార్పిడి కార్యక్రమాల మీద వెళ్లేవాళ్లకు ఇచ్చే ఈ జే-1 వీసాకు కన్సల్టెన్సీ అవసరం లేదు. ఫారాలు నింపాల్సింది మీరే, జవాబులు చెప్పాల్సిందీ మీరే. దారి చూపడానికి యూసెఫ్ (యునైటెడ్ స్టేట్స్-ఇండియా ఎడ్యుకేషనల్ ఫౌండేషన్) ఆఫీసు ఉంది. భారత, అమెరికా ప్రభుత్వాలు 1950లో చేసుకున్న ఒప్పందంతో మొదలై, 2008 నుంచి ఫుల్‌బ్రైట్-నెహ్రూ పేరుతో గ్రాంట్లు ఇస్తున్న సంస్థ అది. ప్రధాన కార్యాలయం ఢిల్లీలో ఉంది, హైదరాబాద్‌లోనూ ఒక ప్రాంతీయ ఆఫీసు ఉంది.

నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఒక సెమిస్టర్ పాటు అక్కడ పాఠాలు చెప్పి, కొంత పరిశోధన చేసుకుని వచ్చాను. ఆ తర్వాత మా జిల్లాలో ఇద్దరు ముగ్గురు అధ్యాపకులకు కాగితాల విషయంలో సాయం చేశాను. అందరి దగ్గరా కనిపించింది ఒకటే. ఈ వీసా తిరస్కరణకు గురికావడం అరుదు, ఆలస్యం కావడం మాత్రం మామూలు. ఆలస్యానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒక కాగితం మీద ఉన్న మాట ఇంకో కాగితం మీద లేకపోవడమే. పేరు, తేదీలు, డబ్బు: ఈ మూడూ అన్ని కాగితాల మీదా ఒకేలా ఉండాలి. కింద రాసినదంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

ఇందులో ఎక్కువ భాగం కాలేజీ, యూనివర్సిటీ అధ్యాపకులకు ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ అకడమిక్ అండ్ ప్రొఫెషనల్ ఎక్సలెన్స్ ఫెలోషిప్‌ను దృష్టిలో పెట్టుకుని రాశాను. అది నాలుగు నుంచి తొమ్మిది నెలలు. అమెరికా క్యాంపస్‌లో భాష నేర్పడానికి వెళ్లే యువ అధ్యాపకుల గ్రాంట్‌కు గానీ, బడి టీచర్లకు ఇచ్చే స్వల్పకాలిక గ్రాంట్లకు గానీ వీసా దారి ఇదే.

సంతకం పెట్టే ముందు: రెండేళ్ల నిబంధన

వరుసలో ఇది వీసా కంటే ముందు రావాలి. ఎందుకంటే గ్రాంట్ అంగీకార పత్రం మీద సంతకం పెట్టాక దీని గురించి తెలుసుకుని బాధపడిన వాళ్లను చూశాను.

అమెరికా వలస చట్టంలో 212(ఈ) అనే సెక్షన్ ఉంది. జే-1 మీద వెళ్లే వ్యక్తికి అమెరికా ప్రభుత్వ డబ్బు గానీ, సొంత దేశ ప్రభుత్వ డబ్బు గానీ కొంతైనా అందితే, ఆ వ్యక్తి కార్యక్రమం అయ్యాక స్వదేశంలో మొత్తం రెండేళ్లు ఉండాలి. అప్పటిదాకా హెచ్-1బీ రాదు, కంపెనీ బదిలీ మీద ఇచ్చే ఎల్-1 రాదు, కాబోయే భార్యకో భర్తకో ఇచ్చే కే వీసా రాదు, గ్రీన్ కార్డూ రాదు. ఫుల్‌బ్రైట్-నెహ్రూకు రెండు ప్రభుత్వాలూ డబ్బు పెడతాయి. అంటే మీకు ఈ నిబంధన తప్పదు.

ఫలానా దేశానికి ఫలానా నైపుణ్యాలు అవసరం, అవి ఉన్నవాళ్లు తిరిగి వెళ్లాలి అని చెప్పే 'స్కిల్స్ లిస్ట్' ఒకటి అమెరికా దగ్గర ఉంది. 2024 డిసెంబర్‌లో దాని నుంచి భారత్‌ను తీసేసింది. ఆ వార్త వచ్చాక మన వాట్సాప్ గ్రూపుల్లో "ఇక ఇండియన్స్‌కి రెండేళ్ల రూల్ లేదు" అని తెగ తిరిగింది. అది సగం నిజమే. ఆ లిస్టు వల్ల నిబంధన పడినవాళ్లకు ఊరట దొరికింది. ప్రభుత్వ డబ్బు వల్ల పడేవాళ్లకు, అంటే మనకు, ఏమీ మారలేదు.

మన ఇళ్లలో ఇది చాలా పెద్ద విషయం. అన్నయ్య డల్లాస్‌లో, చెల్లెలు న్యూజెర్సీలో ఉన్న ఇళ్లు మనవి. "ఒకసారి అక్కడికి చేరితే చాలు, తర్వాత హెచ్-1బీకి మార్చుకోవచ్చు" అని ఎవరో ఒకరు అంటారు. ఈ గ్రాంట్‌తో అలా కుదరదు. మాఫీ అడిగే మార్గాలు చట్టంలో ఉన్నాయి గానీ, అమెరికా ప్రభుత్వ డబ్బుతో వెళ్లినవాళ్లకు సొంత ప్రభుత్వం "మాకు అభ్యంతరం లేదు" అని లేఖ ఇచ్చినా సాధారణంగా మాఫీ దొరకదు. భార్యాభర్తల్లో ఒకరికి హెచ్-1బీ ఆలోచన ఉంటే, జే-2 మీద వెంట వెళ్లే వాళ్లకు కూడా ఇదే నిబంధన వర్తిస్తుందని గుర్తుంచుకోండి. పర్యాటక వీసాకు, ఎఫ్-1 చదువు వీసాకు ఇది అడ్డు కాదు. ఇంట్లో అందరూ కూర్చుని ఒక సాయంత్రం దీని గురించి మాట్లాడుకోండి. ఇష్టమైతే నిండు మనసుతో సంతకం పెట్టండి. నా మట్టుకు నేను తిరిగి వచ్చి మా పిల్లలకే పాఠాలు చెప్పాలనుకున్నాను కాబట్టి నాకు బరువు అనిపించలేదు. మీ లెక్క వేరు కావచ్చు.

పాస్‌పోర్టులో మీ పేరు ఎలా ఉంది?

తెలుగువాళ్లకు వచ్చే ఇబ్బందుల్లో సగం ఇక్కడే పుడతాయి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, డిగ్రీ పట్టాలో ఒట్టి ఇనీషియల్, ఆధార్‌లో ఇంకోలా, పాస్‌పోర్టులో మరోలా ఉంటుంది. మనకు ఇవన్నీ ఒకే మనిషి అని తెలుసు. అమెరికా కంప్యూటర్‌కు తెలియదు.

పాస్‌పోర్టు తీసి ఫొటో ఉన్న పేజీ చూడండి. సర్‌నేమ్ అన్న గీత దగ్గర ఏముంది, గివెన్ నేమ్ దగ్గర ఏముంది? అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలు ఉంటాయి, యంత్రం చదివేది అదే. ఇకనుంచి మీ పేరు అంటే ఆ వరుసలో ఉన్నదే.

నా పాస్‌పోర్టులో సర్‌నేమ్ దగ్గర ఖాళీ. పేరు మొత్తం గివెన్ నేమ్ దగ్గరే ఉంది. గ్రాంట్ దరఖాస్తులో మాత్రం నేను డిగ్రీ పట్టా చూసి ఇంటిపేరు విడిగా రాశాను. ఫలితంగా డీఎస్-2019 (జే-1 వీసాకు ఆధారమైన అర్హత పత్రం) ఒక పేరుతో వచ్చింది, పాస్‌పోర్టు ఇంకో పేరుతో ఉంది. ఆ ఫారాన్ని మళ్లీ జారీ చేయించుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల టెన్షన్ మీకు రాకూడదనే ఇంత వివరంగా చెబుతున్నాను.

సర్‌నేమ్ ఖాళీగా ఉంటే రెండు దారులు ఉన్నాయి. చేతిలో నాలుగైదు నెలల సమయం ఉంటే పాస్‌పోర్టు సేవా కేంద్రంలో రీ-ఇష్యూకు పెట్టుకుని పేరును రెండు భాగాలుగా విడదీయించుకోండి. సమయం లేకపోతే అలాగే వెళ్లవచ్చు. వీసాలో మీ పేరంతా సర్‌నేమ్ గడిలోకి వెళ్లి, గివెన్ నేమ్ దగ్గర 'ఎఫ్‌ఎన్‌యూ' అనే మూడు అక్షరాలు పడతాయి. 'మొదటి పేరు తెలియదు' అని దాని అర్థం. తప్పేమీ కాదు. కాకపోతే అక్కడి బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి ఐడీ కార్డు దాకా ఆ మూడు అక్షరాలు మీ వెంటే వస్తాయి. సమయం ఉన్నవాళ్లు మొదటి దారే పట్టండి.

గడువు కూడా చూసుకోండి. తిరిగి వచ్చే తేదీ తర్వాత ఇంకో ఆరు నెలలైనా పాస్‌పోర్టు చెల్లాలి. పాత పాస్‌పోర్టుల్లో ఏవైనా వీసాలుంటే వాటినీ తీసి పక్కన పెట్టుకోండి.

సెలవు, ఎన్‌ఓసీ: అన్నిటికంటే ముందు కదిలించాల్సిన ఫైలు

వీసా ఫారాలు నింపడానికి ఒక వారాంతం చాలు. ప్రభుత్వ ఉద్యోగికి సెలవు మంజూరు కావడానికి నెలలు పడుతుంది. ప్రిన్సిపాల్ నుంచి ఆర్జేడీ (ప్రాంతీయ సంయుక్త సంచాలకుల) ఆఫీసుకు, అక్కడి నుంచి కళాశాల విద్య కమిషనరేట్‌కు, అవసరమైతే సచివాలయానికి ఫైలు నడవాలి. యూనివర్సిటీవాళ్లకు రిజిస్ట్రార్, పాలకమండలి ఉంటాయి. ప్రైవేటు కాలేజీలో అయితే యాజమాన్యం ఒక్క లెటర్‌హెడ్ మీద ఇచ్చేస్తుంది, ఆ విషయంలో వాళ్లు అదృష్టవంతులు.

గ్రాంట్ లెటర్ వచ్చిన రోజే దరఖాస్తు పెట్టండి. అందులో మూడు విషయాలు విడివిడిగా అడగండి: విదేశానికి వెళ్లడానికి అనుమతి, సెలవు మంజూరు, తిరిగొచ్చాక అదే ఉద్యోగంలో చేరే హక్కు. మొదటిది ఇచ్చి మిగతా రెండూ రాయకుండా వదిలేసిన ఉత్తర్వులు చూశాను. మూడోది మీకు ఇంటర్వ్యూలో అన్నిటికంటే బాగా ఉపయోగపడే కాగితం.

సెలవు తేదీల్లో ఒక మెలిక ఉంది. గ్రాంట్ ఆగస్టు 15న మొదలై డిసెంబర్ 31న ముగుస్తుందనుకుందాం. సెలవు కూడా సరిగ్గా అవే తేదీలకు అడిగితే ప్రయాణానికి రోజులు మిగలవు. జే-1 మీద కార్యక్రమం మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచి అమెరికాలో అడుగుపెట్టవచ్చు. ముగిశాక సర్దుకుని బయల్దేరడానికి 30 రోజుల వ్యవధి ఉంటుంది, ఆ రోజుల్లో పని చేయకూడదు. అందుకని సెలవుకు ముందు వారం పది రోజులు, వెనక వారం పది రోజులు కలిపి అడగండి. ఒకసారి ఉత్తర్వు వచ్చాక పొడిగింపు కోసం మళ్లీ అదే మెట్లు ఎక్కాల్సి వస్తుంది.

డీఎస్-2019 చేతికొచ్చాక తీరిగ్గా చదవండి

ఈ కాగితం లేకుండా వీసా పని మొదలుకాదు. గ్రాంట్ లెటర్, అక్కడి యూనివర్సిటీ ఆహ్వానం, మెడికల్ ఫారం, కుటుంబ వివరాలు ఇచ్చాక అమెరికా నుంచి ఇది జారీ అవుతుంది. మెడికల్ ఫారం అంటే మీ డాక్టరు గారు పరీక్షలు చేసి నింపే ఆరోగ్య నివేదిక. దాన్ని ఆలస్యం చేస్తే వెనకవన్నీ ఆలస్యమే.

ఫారం వచ్చాక సంతోషంలో ఫోల్డర్‌లో దాచేయకండి. ఒక పెన్సిల్ పట్టుకుని గడి గడికీ చదవండి.

మొదటి గడిలో మీ పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, హోదా ఉంటాయి. పాస్‌పోర్టు పక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూడండి. పుట్టిన ఊరు పాస్‌పోర్టులో మండలం పేరుతో ఉండి, మీరు దరఖాస్తులో గ్రామం పేరు రాసి ఉంటారు. అలాంటివి ఇక్కడే పట్టుకోవాలి.

రెండో గడిలో స్పాన్సర్ పేరు, ప్రోగ్రాం నంబరు. ఫుల్‌బ్రైట్‌కు ఆ నంబరు జీ-1తో మొదలవుతుంది. ఆ రెండు అక్షరాలు ఎంత విలువైనవో ఫీజుల దగ్గర చెబుతాను. మూడో గడిలో తేదీలు. సెలవు ఉత్తర్వు పక్కన పెట్టి పోల్చండి.

నాలుగో గడిలో మీ కేటగిరీ. చాలామంది దీన్ని పట్టించుకోరు. 'ప్రొఫెసర్' అని గానీ 'రీసెర్చ్ స్కాలర్' అని గానీ ఉంటే, ఈ కార్యక్రమం ముగిశాక 24 నెలల పాటు ఆ రెండు కేటగిరీల్లో మళ్లీ జే-1 మీద వెళ్లడానికి వీల్లేదు. మీరు నాలుగు నెలలే ఉండి వచ్చినా అంతే. 'షార్ట్-టర్మ్ స్కాలర్' అని ఉంటే ఆ అడ్డు లేదు, కానీ గరిష్ఠంగా ఆరు నెలలే, పొడిగించరు. వచ్చే ఏడాది ఇంకో యూనివర్సిటీ పిలుస్తుందనే ఆశ ఉన్నవాళ్లు ఫారం తయారవకముందే యూసెఫ్‌వాళ్లతో ఈ విషయం మాట్లాడుకోవాలి.

ఐదో గడిలో డబ్బు. గ్రాంట్ మొత్తం, యూనివర్సిటీ ఇచ్చేది ఏమైనా ఉంటే అది. గ్రాంట్ లెటర్‌లోని అంకెలతో కలవాలి.

పైన కుడివైపు బార్‌కోడ్ దగ్గర 'ఎన్' అక్షరంతో మొదలయ్యే నంబరు మీ సెవిస్ ఐడీ. సెవిస్ అంటే విదేశీ విద్యార్థుల, ఎక్స్చేంజ్ విజిటర్ల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ కంప్యూటర్ రికార్డు. అడుగున ఎడమవైపు చిన్న అచ్చులో 212(ఈ) గురించి ఒక పెట్టె ఉంటుంది, దాన్ని నింపేది కాన్సులర్ అధికారి, మీరు ముట్టుకోకండి. మీరు సంతకం పెట్టాల్సింది మొదటి పేజీ చివర మీ పేరున్న గీత మీద మాత్రమే.

తప్పు ఏది కనిపించినా, చిన్నదైనా, అదే రోజు మెయిల్ చేయండి. పెన్నుతో దిద్దకండి.

ఫీజులు

మామూలు జే-1 అభ్యర్థి వీసా దరఖాస్తుకు 185 డాలర్లు, సెవిస్ ఐ-901 కింద 220 డాలర్లు కడతాడు. ప్రోగ్రాం నంబరు జీ-1తో మొదలైతే ఈ రెండూ కట్టక్కర్లేదు. వీసా ఫీజు ఒకసారి కడితే వెనక్కి రాదు. కాబట్టి అపాయింట్‌మెంట్ వెబ్‌సైట్‌లో ఫీజు పేజీ కనిపించగానే కార్డు తీయకండి. ఫీజు మినహాయింపుతో స్లాట్ ఎలా తీసుకోవాలో యూసెఫ్ నుంచి వచ్చే మెయిల్‌లో ఉంటుంది, అది వచ్చేదాకా ఆగండి. కుటుంబం కూడా వస్తుంటే వాళ్ల ఫీజు సంగతి కట్టే ముందే అడిగి తెలుసుకోండి. "మీ ఫైలుకు ప్రాసెసింగ్ చార్జీ పాతిక వేలు" అని బయట ఎవరైనా అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

డీఎస్-160: ఒక ఆదివారం కేటాయించండి

ఇది ఆన్‌లైన్ దరఖాస్తు. కాసేపు ఏమీ కదపకపోతే సెషన్ ఆగిపోతుంది, అందుకే మొదటి పేజీలోనే వచ్చే అప్లికేషన్ ఐడీని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ప్రతి పేజీ దగ్గరా సేవ్ చేయండి. దరఖాస్తు కేంద్రం హైదరాబాద్ అని ఎంచుకోండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా మూడూ హైదరాబాద్ కాన్సులేట్ కిందికే వస్తాయి.

కూర్చునే ముందు ఇవి బల్ల మీద పెట్టుకోండి: పాస్‌పోర్టు, డీఎస్-2019, గ్రాంట్ లెటర్, ఆహ్వాన లేఖ, గత ఐదేళ్ల ఉద్యోగ వివరాలు, చదువుకున్న కాలేజీల చిరునామాలు తేదీలతో సహా, ఐదేళ్లలో వెళ్లొచ్చిన దేశాల జాబితా, అమ్మానాన్నల పుట్టిన తేదీలు. మా అమ్మ పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. ఆధార్‌లో ఉన్నదే రాశాను, పాస్‌పోర్టు దరఖాస్తులోనూ అదే ఇచ్చాను కాబట్టి.

పేరు గడుల తర్వాత 'మీ భాషా లిపిలో పూర్తి పేరు' అని ఒక గడి వస్తుంది. చాలామంది అక్కడ 'వర్తించదు' అని టిక్ పెట్టి దాటేస్తారు. నేను తెలుగులో టైప్ చేశాను. అన్ని ఇంగ్లిషు గడుల మధ్య మన అక్షరాలు చూసుకుంటే భలే ధైర్యంగా అనిపించింది.

ప్రయాణ ఉద్దేశం దగ్గర 'ఎక్స్చేంజ్ విజిటర్ (జే)' ఎంచుకోండి. ఖర్చు ఎవరు భరిస్తారు అన్నచోట 'నేనే' అని పెట్టకండి, గ్రాంట్ ఇచ్చే సంస్థ పేరు ఇవ్వండి. అమెరికాలో సంప్రదించాల్సిన వ్యక్తి అంటే మీ అన్నయ్య కాదు, మిమ్మల్ని ఆహ్వానించిన ప్రొఫెసర్. అన్నయ్య అక్కడ ఉన్న సంగతి బంధువుల ప్రశ్న దగ్గర తప్పకుండా చెప్పాలి. దాచితేనే ఇబ్బంది. ఇక్కడ మీ గురించి చెప్పగలిగిన ఇద్దరి పేర్లు కూడా అడుగుతుంది, వాళ్లు బంధువులు కాకూడదు. ఒక సహోద్యోగి, ఒక పాత గురువు సరిపోతారు. ముందే వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి.

గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయాలి. మర్చిపోయిన పాత ట్విట్టర్ ఖాతా ఉన్నా సరే. 2025 జూన్ నుంచి ఎఫ్, ఎం, జే వీసాల అభ్యర్థులు ఖాతాల ప్రైవసీని 'పబ్లిక్'గా పెట్టాలని అమెరికా అడుగుతోంది. ఫారం పంపే ముందే మార్చుకోండి.

ఫొటో రెండంగుళాల చదరం, తెల్లటి వెనకభాగం, ఆరు నెలల లోపు తీసినది. కళ్లజోడు తీసేయాలి. మన వీధి చివరి స్టూడియోలో 'యూఎస్ వీసా ఫొటో' అంటే వాళ్లకు తెలుసు, సాఫ్ట్ కాపీ కూడా అడిగి తీసుకోండి.

సబ్మిట్ నొక్కాక మార్చడం కుదరదు. తప్పు దొరికితే కొత్త ఫారం నింపాలి, అప్పుడు కొత్త నంబరు వస్తుంది. అలాంటప్పుడు అపాయింట్‌మెంట్ ప్రొఫైల్‌లోనూ ఆ కొత్త నంబరునే ఎక్కించుకోవాలి. చేతిలో ఉన్న కన్ఫర్మేషన్ కాగితం మీది నంబరు, ప్రొఫైల్‌లోని నంబరు వేరైతే గేటు దగ్గరే వెనక్కి పంపే అవకాశం ఉంది.

వేలిముద్రలు, ఆ తర్వాత ఇంటర్వ్యూ

రెండు వేర్వేరు రోజులు, రెండు వేర్వేరు చోట్లు. మొదట వీసా అప్లికేషన్ సెంటర్‌లో ఫొటో, వేలిముద్రలు. తర్వాత కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. శ్రీకాకుళం నుంచో, అనంతపురం నుంచో వచ్చేవాళ్లు రెండు స్లాట్లూ వరుస రోజుల్లో పడేలా చూసుకుంటే ఒక్క ప్రయాణంతో అయిపోతుంది.

ఆగస్టు సెమిస్టర్‌కు వెళ్లేవాళ్ల వేలిముద్రలు సరిగ్గా ఆషాఢంలో పడతాయి. ఇంట్లో గోరింటాకు పెట్టుకునే రోజులవి. వేలి కొనలకు దట్టంగా పెట్టుకుంటే స్కానర్‌తో ఇబ్బంది రావచ్చు. అరచేతిలో చందమామ పెట్టుకుని వేళ్లు వదిలేయమని మా ఆవిడకు చెప్పాను. వేళ్ల మీద కోతలు, గాయాలు ఉన్నా మానేదాకా ఆగడం మేలు.

2023 మార్చి నుంచి కాన్సులేట్ నానక్‌రామ్‌గూడలోని కొత్త భవనంలో ఉంది. బేగంపేట పైగా ప్యాలెస్ అనుకుని పాత అలవాటుతో ఆటో ఎక్కే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఫోన్, స్మార్ట్‌వాచ్, బ్యాగు లోపలికి తీసుకెళ్లనివ్వరు. ఒక పారదర్శకమైన ఫోల్డర్‌లో కాగితాలు మాత్రం పట్టుకెళ్లండి. ఫోన్ హోటల్‌లోనో, తోడు వచ్చినవాళ్ల దగ్గరో వదిలేయండి.

ఫోల్డర్‌లో నేను పెట్టుకున్న వరుస ఇది. పైన పాస్‌పోర్టు, డీఎస్-160 కన్ఫర్మేషన్, అపాయింట్‌మెంట్ లెటర్. వాటి కింద డీఎస్-2019, గ్రాంట్ లెటర్, ఆహ్వాన లేఖ. ఆ కింద సెలవు ఉత్తర్వు, ఎన్‌ఓసీ, మూడు నెలల జీతం స్లిప్పులు. అట్టడుగున పట్టాలు, సీవీ, నేను చెప్పబోయే కోర్సు సిలబస్ ఒక పేజీ. అధికారి అడిగినవి పాస్‌పోర్టు, డీఎస్-2019 మాత్రమే. అడగనివి అందించకండి.

అధికారి మనసులో ఉండే ప్రశ్న 214(బీ) అనే సెక్షన్ నుంచి వస్తుంది: ఈ మనిషి తిరిగి వస్తాడా? గ్రాంట్ ఉంది కదా, అడగరులే అనుకోవద్దు. మీ జవాబు మీ ఉద్యోగంలోనే ఉంది. నన్ను అడిగిన ప్రశ్నలు ఇంతే: ఎక్కడికి వెళ్తున్నారు, ఏం బోధిస్తారు, ఆ యూనివర్సిటీనే ఎందుకు, తిరిగొచ్చాక ఏం చేస్తారు. చివరిదానికి "జనవరిలో మా కాలేజీలో రెండో సెమిస్టర్ మొదలవుతుంది, నా క్లాసులు నాకోసం ఉంచారు" అన్నాను. ఆయన నవ్వి డీఎస్-2019 మీద ఏదో రాసి, కాగితం వెనక్కి ఇచ్చారు. మొత్తం మూడు నిమిషాలు.

జవాబులు బట్టీ పట్టకండి. మీ పాఠం గురించి, ఆ సబ్జెక్టు తెలియని మనిషికి రెండు వాక్యాల్లో చెప్పడం మాత్రం సాధన చేయండి. మనం క్లాసులో 50 నిమిషాలు మాట్లాడే అలవాటున్నవాళ్లం. గాజు కిటికీ దగ్గర అంత సమయం ఉండదు.

221(జీ) కాగితం ఇస్తే

గుండె జారనివ్వకండి. అది తుది తిరస్కరణ కాదు. ఇంకో కాగితం కావాలనో, ఇంకొంత పరిశీలన మిగిలి ఉందనో దాని అర్థం. సైన్స్, ఇంజినీరింగ్ వాళ్లకు ఇది ఎక్కువగా వస్తుంది. పరిశోధన వివరాలు, ప్రచురణల జాబితా, ప్రయాణ చరిత్ర అడగవచ్చు. అడిగినవి అడిగిన విధంగా పంపి, యూసెఫ్‌కు అదే రోజు తెలియజేయండి. ఎన్ని రోజులు పడుతుందో ఎవరూ చెప్పలేరు, కొందరికి వారం, కొందరికి నెలలు. అందుకే సైన్స్ వాళ్లు డీఎస్-2019 రాగానే మొదటి స్లాట్ తీసుకోవాలని గట్టిగా చెబుతాను.

వీసా అంటించిన పాస్‌పోర్టు వచ్చాక

ఇంటికి తెచ్చుకోవడానికి ముందే, కౌంటర్ దగ్గరే తెరిచి చూడండి. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, జే-1 అన్న అక్షరాలు, సెవిస్ నంబరు. కింద చిన్న అక్షరాల్లో రెండేళ్ల నిబంధన మీకు వర్తిస్తుందన్న వాక్యం ఉంటుంది, కంగారు పడకండి, మీరు ముందే ఒప్పుకున్నదే అది.

వీసా మీద ఉన్న గడువు మీరు అక్కడ ఎంతకాలం ఉండవచ్చో చెప్పదు, ఏ తేదీ దాకా వెళ్లి తలుపు తట్టవచ్చో మాత్రమే చెబుతుంది. ఉండే కాలాన్ని నిర్ణయించేది డీఎస్-2019లోని తేదీలు, ఎయిర్‌పోర్టులో ఇచ్చే ప్రవేశం.

టికెట్ మీరు సొంతంగా కొనేయకండి. అమెరికా ప్రభుత్వ డబ్బుతో చేసే ప్రయాణాలకు 'ఫ్లై అమెరికా' అనే చట్టం ఉంది. దాని ప్రకారం సాధారణంగా అమెరికా విమాన సంస్థల్లో గానీ, వాటి కోడ్‌షేర్ విమానాల్లో గానీ వెళ్లాలి. ఆఫర్ బాగుందని వేరే విమానానికి కొనుక్కుంటే ఆ డబ్బు మీదే అయిపోవచ్చు.

భార్య, భర్త, పిల్లలు

జే-2 మీద భార్య లేదా భర్త, 21 ఏళ్ల లోపు పెళ్లికాని పిల్లలు రావచ్చు. ఒక్కొక్కరికీ విడి డీఎస్-2019, విడి డీఎస్-160. అమ్మానాన్నలకు జే-2 లేదు, వాళ్లు పర్యాటక వీసా మీదే రావాలి.

మన పెళ్లిళ్లకు శుభలేఖ ఉంటుంది, ఫొటో ఆల్బం ఉంటుంది, మ్యారేజ్ సర్టిఫికెట్ మాత్రం ఉండదు. గ్రాంట్ వచ్చిన నెలలోనే సబ్-రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి తెచ్చుకోండి. పిల్లల జనన ధ్రువీకరణ పత్రంలో పేరు గడి ఖాళీగా లేదు కదా చూడండి. ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు నమోదు చేసి, బారసాల తర్వాత పేరు చేర్పించడం మర్చిపోయే ఇళ్లు చాలా ఉన్నాయి.

గ్రాంట్ డబ్బు ప్రధానంగా ఒక మనిషికి సరిపోయేలా ఉంటుంది. కుటుంబ ఖర్చుకు బ్యాంకు స్టేట్‌మెంట్లు చూపాలి. ఇన్సూరెన్స్ విషయంలో జాగ్రత్త: మీకు గ్రాంట్‌తో పాటు యాస్పీ అనే ఆరోగ్య పథకం వస్తుంది, కుటుంబానికి అది వర్తించదు. వాళ్లకు మీరే కొనాలి. ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం లక్ష డాలర్లు, అత్యవసరంగా స్వదేశానికి వైద్య తరలింపుకు 50,000, మరణిస్తే భౌతికకాయం తరలించడానికి 25,000 ఉండాలని నిబంధన. రాయడానికి కూడా మనసొప్పని అంకెలు ఇవి, కానీ ఉండి తీరాలి.

దిగిన రోజు

డీఎస్-2019, గ్రాంట్ లెటర్, ఆహ్వాన లేఖ చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ సూట్‌కేసులో కాదు. అబుదాబి మీదుగా వెళ్తే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. కాబట్టి ఆ కాగితాలు హైదరాబాద్ దాటిన నాలుగైదు గంటల్లోనే కావాలి.

అధికారికి చెప్పాల్సింది కూడా కాగితాల మీద ఉన్న మాటే: ఫుల్‌బ్రైట్ గ్రాంట్, ఫలానా యూనివర్సిటీ, ఫలానా తేదీ దాకా. బయటికి వచ్చాక ఆన్‌లైన్‌లో మీ ఐ-94 (దేశంలోకి ప్రవేశించిన) రికార్డు తీసి, క్లాస్ దగ్గర జే-1 అని ఉందో లేదో, పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. పొరపాటున బీ-2 (పర్యాటక) అని పడితే వెంటనే సరిచేయించుకోవాలి.

యూనివర్సిటీలో అంతర్జాతీయ స్కాలర్ల ఆఫీసుకు మొదటి వారంలోనే వెళ్లి కాగితాలు చూపించండి. మీరు చేరినట్టు డీఎస్-2019 జారీ చేసిన స్పాన్సర్‌కూ తెలియజేయండి, సెవిస్‌లో నమోదు చేయాల్సింది వాళ్లే. నమోదైన కొద్ది రోజులకు సోషల్ సెక్యూరిటీ నంబరుకు వెళ్లవచ్చు, తొందరపడి ముందే వెళితే రికార్డు దొరకక వెనక్కి పంపుతారు. డీఎస్-2019 మీద ప్రయాణ సంతకం కూడా ముందే ఆ స్పాన్సర్‌తోనే పెట్టించుకోండి, యూనివర్సిటీ ఆఫీసు పెట్టేది కాదు అది. మధ్యలో ఇంటికి రావాల్సిన పని పడితే అది లేకుండా తిరిగి వెళ్లడం కష్టం. నాకు నవంబర్‌లో అలాగే రావాల్సి వచ్చింది. సంతకం అప్పటికే ఉంది కాబట్టి, నాన్నగారి ఆపరేషన్ రోజుకు ఇంట్లో ఉండి, పది రోజుల్లో మళ్లీ క్లాసులో ఉన్నాను.